పిల్ల బాల్ పైథాన్ తిండి ముట్టకపోతే: ముందు వెచ్చదనం, తర్వాత తిండి, ఆ తర్వాతే చెయ్యి

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఉండేది విజయవాడ పటమట. నెల కిందట బాల్ పైథాన్ (విషం లేని ఆఫ్రికా కొండచిలువ) పిల్లని తెచ్చారు, అప్పటి బరువు 70 గ్రాములు. వచ్చిన కొత్తలో ఒక చిట్టెలుకని తింది, ఆ తర్వాత మూడు వారాలుగా ముట్టలేదు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే మెడ వంకీ తిప్పి మీదికి లేస్తోంది. మచ్చిక కావాలని రోజూ సాయంత్రం అరగంట చేతుల్లో పెట్టుకుంటున్నారు, పిల్లలూ పట్టుకుంటున్నారు. గాజు పెట్టె మొదట హాల్లో టీవీ పక్కన ఉండేది, ఎండలు ముదిరాక ఏసీ గదిలోకి మార్చారు. ఏసీ 22లో ఉంటుంది. అత్తగారు పాలు పొయ్యమంటున్నారు.

ఇందులో జబ్బు లక్షణం నాకు ఒక్కటీ కనపడలేదు. చలి కనపడింది, బెదురు కనపడింది. ఆ రెండూ తీరితే తినే అవకాశమే ఎక్కువ. చాలామంది ముందు మచ్చిక చేసుకుందాం, అలవాటయ్యాక అదే తింటుందిలే అనుకుంటారు. కుక్కపిల్ల విషయంలో అది చెల్లుతుంది. పాము మీతో స్నేహం కోరుకోదు. మీవల్ల ముప్పు లేదని దానికి అర్థమైతే చాలు, అలా అర్థం కావాలంటే కొన్నాళ్లు మీరు దాని జోలికి వెళ్లకూడదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, కాబట్టి 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నాలుగో షెడ్యూలు కిందికి వస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. చేతులు మారినా, పిల్లలైనా, చచ్చిపోయినా తెలపాలి. అమ్మినతను 'అవన్నీ ఎవరు చూస్తారండీ' అని ఉంటే ఆ మాట పట్టుకుని కూర్చోకండి, అతని దగ్గర బిల్లూ వివరాలూ తీసుకుని నమోదు చేయించుకోండి. ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒక మాట. పొలంలో దొరికిన కొండచిలువ పిల్ల, రెండు తలల పాము, జెర్రిపోతు, ఏదైనా సరే ఇంటికి తెచ్చి పెంచితే నేరమే. చట్టం అలా ఉంచండి, కృష్ణా డెల్టా పొలాల్లో రక్తపింజర తక్కువేం కాదు. దాని పిల్లనీ కొండచిలువ పిల్లనీ పైపైన చూస్తే ఒంటి మీద మచ్చలు ఒకేలా అనిపిస్తాయి. రక్తపింజర పిల్లకి పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. అనుమానం వస్తే దూరంగా నిలబడి అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి, చేత్తో తేల్చుకోవాలని చూడకండి.

ఇక మీ పాము. ముందు ఒకటి చూడండి: కళ్లు పాలరంగులోకి, మసగ్గా మారాయా? ఒళ్లు వెలిసినట్టుందా? అయితే అది కుబుసానికి సిద్ధమవుతోంది. ఆ రోజుల్లో దానికి చూపు సరిగా ఆనదు, చిరాకు ఎక్కువ, చాలా పాములు తిండి ముట్టవు. కుబుసం విడిచేదాకా ఆగండి, అంతే. మామూలుగా నల్లగా మెరుస్తూ ఉన్న కళ్లయితే కిందిది చదవండి.

అసలు దోషి మీ ఏసీ అని నా గట్టి అనుమానం. మన ఊళ్లలో ఇదో విచిత్రం. బయట రోహిణి ఎండలు 44 డిగ్రీలు కాస్తుంటే లోపల పాము చలితో తిండి మానేస్తుంది. పాముకి ఒంట్లో సొంత పొయ్యి లేదు. తిన్నది అరగాలంటే వేడి బయటి నుంచి రావాలి. బాల్ పైథాన్‌కి పెట్టెలో ఒక వైపు 31-32 డిగ్రీలు, రెండో వైపు 25-27 ఉండాలి. రాత్రిపూట చల్లటి వైపు 24 దాకా దిగినా పర్వాలేదు, కానీ వెచ్చటి వైపు వెచ్చగానే ఉండాలి. 22 డిగ్రీల గదిలో, హీట్ మ్యాట్ (కింద పరిచే, కరెంటుతో వేడెక్కే పలక) లేని గాజు పెట్టెలో, రాత్రంతా ఉన్న పిల్ల తినదు. తిన్నా అరక్క కక్కేస్తుంది. కక్కడం తినకపోవడం కంటే చాలా చెడ్డది.

అలాగని ఏసీ తీసేసి మామూలు గదిలో పెట్టెయ్యకండి, మే నెలలో అది ఇంకా ప్రమాదం. గది మొత్తం 35 దాటితే పాముకి తప్పించుకునే చల్లటి మూల ఉండదు. చలికి వారాల తరబడి నీరసిస్తుంది, వేడికి ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు పై అంతస్తు. సాయంత్రం ఎండ దిగాక కూడా స్లాబు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది, పై అంతస్తు వాళ్లందరికీ ఇది అనుభవమే. మీ ఇంట్లో ఏసీ ఉంది కాబట్టి దాన్ని 27లో పెట్టండి, పెట్టె కింద మూడో వంతు భాగానికి, వేడి హద్దు దాటగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌తో హీట్ మ్యాట్ వెయ్యండి. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ ఎప్పుడూ వద్దు. అది కాలుతూనే పోతుంది, పాము దాని మీదే పడుకుని పొట్ట కింద పొలుసులు కాల్చుకుంటుంది, వేడెక్కువైందని లేచి పక్కకి పోవాలని చాలాసార్లు దానికి తోచదు. ఏసీ గాలి నేరుగా పెట్టెకి తగలకూడదు. కిటికీ దగ్గర అసలే వద్దు, గాజులోంచి పడే ఎండకి పెట్టె నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

మధ్యాహ్నం కరెంటు పోతే? ఫ్రీజర్లో రెండు నీళ్ల సీసాలు ఎప్పుడూ గడ్డకట్టించి ఉంచుకోండి. గుడ్డ చుట్టి పెట్టెకి బయటి వైపు, ఒక పక్కన మాత్రమే ఆనించండి. పెట్టె నేల మీదికి దించండి, కింద చల్లగా ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఈ బాధ లేదు, అప్పుడు మ్యాట్ ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది.

గాజుకి అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటర్లని నమ్మకండి. వైరు చివర ప్రోబ్ (వేడిని కొలిచే కొన) ఉండే డిజిటల్‌ది కొని, ప్రోబ్‌ని వెచ్చటి వైపు నేల మీద, పాము పడుకునే చోట పెట్టండి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి గన్ ఇక్కడ పనికిరాదు, అది మనిషి ఒంటికి సరిపడేలా లెక్కలు మార్చి చూపిస్తుంది.

బెదురు సంగతి. నాలుగు పక్కలా గాజు, మొన్నటిదాకా పక్కన టీవీ, చుట్టూ తిరిగే కాళ్లు. ఆ పిల్ల తల దాచుకునే చోటు లేక నిలబడి ఉంది. దాని ఊళ్లో ఈ పాము పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉంటుంది. మూడు వైపులా గాజుకి బయటి నుంచి కాగితం అంటించండి. లోపల రెండు గూళ్లు పెట్టండి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ఒక్కటే పెడితే దాక్కోవడమా, వెచ్చగా ఉండటమా అన్న ఎంపిక దాని మీద పడుతుంది. పిల్లలు చాలాసార్లు దాక్కోవడానికే మొగ్గుతాయి. గూటికి డబ్బు తగలెయ్యక్కర్లేదు. మట్టి మూకుడు తీసుకుని అంచున ఒక చోట గిల్లి, ఆ అంచుని నేల మీద అరగదీసి నున్నగా చేసి, బోర్లా పెట్టండి. పాము చుట్ట చుట్టుకుంటే వీపు పైకి తగిలేంత ఇరుకుగా ఉండాలి. మనకి జాలేస్తుంది, దానికి అదే హాయి.

కింద పరచడానికి పాత పేపరు చాలు. కొబ్బరి పొట్టు వేస్తే తేమ బాగా నిలుస్తుంది, కానీ నర్సరీలో కొన్నది ఒకసారి నీళ్లలో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. ఇసుక వద్దు. తేమ 55-65 శాతం మధ్య ఉంటే మంచిది. వానాకాలంలో బెజవాడలో అది వద్దన్నా ఉంటుంది. వడగాలుల రోజుల్లోనూ ఏసీ గదిలోనూ ఉండదు, అప్పుడే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి తోక చివరా కళ్ల మీదా అంటుకుపోతుంది. మూతకి ఒక కన్నం పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి కొబ్బరి పొట్టు వేసి పెట్టండి, కావలసినప్పుడు అదే దూరుతుంది. కంటి మీద మిగిలిన పొరని మాత్రం గోటితో గీకకండి. గాజు పెట్టె మూతకి క్లిప్పులు ఉండాలి. తల పట్టిన సందులోంచి ఒళ్లంతా పోతుంది, పాముల విషయంలో ఇది అక్షరాలా నిజం.

ఇవన్నీ సర్దాక వారం రోజులు పాముని వదిలెయ్యండి. నీళ్ల గిన్నె మార్చడం, మలం ఉంటే తియ్యడం, అంతే. పాముని బయటికి తియ్యకండి, మూకుడు ఎత్తి చూడకండి, ఎలుకని చూపించకండి. ఈ వారమే అందరికీ కష్టం, ముఖ్యంగా పిల్లలకి.

ఇప్పుడు తిండి. పాలు ఏ పాముకీ తిండి కాదు. పాముల ఒంట్లో పాలని అరిగించుకునే ఏర్పాటే లేదు. పాములవాళ్ల దగ్గర పాము పాలు తాగినట్టు కనపడితే దానికి కారణం దాహం, రోజుల తరబడి నీళ్లు పెట్టకుండా ఉంచితే ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. అత్తగారితో వాదన పెట్టుకోకండి, నాగుల చవితికి మోపిదేవి తీసుకెళ్లండి. పుట్టలో పాలు పోసే భక్తి పుట్ట దగ్గరే ఉండనివ్వండి, పెట్టెలోకి మాత్రం మంచినీళ్లే. గుడ్డు, కోడి మాంసం ముక్కలు, బల్లులు కూడా వద్దు. ఎముక, కాలేయం, చర్మంతో సహా మొత్తం జంతువుని మింగితేనే దానికి కావలసిన కాల్షియం, విటమిన్లు అందుతాయి. ఇంట్లో బోనులో పడ్డ ఎలుక ఉచితంగా వచ్చింది కదా అని వెయ్యకండి. పక్కింట్లో ఎలకల మందు తిని వచ్చిందో లేదో మీకు తెలీదు, తిని ఉంటే ఆ విషం పాముకీ చేరుతుంది. పురుగులు సరేసరి.

పెంపకంలో పుట్టిన తెల్ల చిట్టెలుకే తిండి. ఎంత పెద్దదంటే, పాము ఒంట్లో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటు ఎంత ఉందో అంత. తూకంలో చెప్పాలంటే పాము బరువులో 10 నుంచి 15 శాతం, అంటే మీదానికి 7 నుంచి 10 గ్రాముల బొచ్చు వచ్చిన పిల్ల చిట్టెలుక. చిట్టెలుక కాకుండా పెద్ద జాతి ఎలుక పిల్ల, అంతే బరువున్నదైనా సరే. చాలామంది భయంకొద్దీ కళ్లు తెరవని గులాబి రంగు కూనల్ని పెడతారు. ఈ జాతి పిల్లలకి అవి మరీ చిన్నవి, కొన్ని వాటిని తిండిగా గుర్తించనే గుర్తించవు.

బతికున్నదా, గడ్డకట్టిందా? నా ఓటు గడ్డకట్టినదానికే. బతికున్న ఎలుక ఆకలి లేని పాముని కొరికి వీపు చీల్చేస్తుంది, ఎలుక వైపు నుంచి చూసినా అది మంచి చావు కాదు. కానీ మీ పాము మొదట తిన్నది ఏదో అమ్మినతన్ని అడగండి. అక్కడ బతికున్నవే తిని పెరిగిన పిల్ల, గడ్డకట్టినదాన్ని మొదట్లో గుర్తుపట్టదు. అలాంటప్పుడు అప్పుడే చంపిన, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని ఒకటి రెండుసార్లు ఇచ్చి, ఆ తర్వాత గడ్డకట్టినదానికి మార్చాలి.

గడ్డకట్టినదాన్ని ముందు రోజు రాత్రి ఫ్రీజర్లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, మూత గట్టిగా ఉన్న వేరే డబ్బాలో. ఆవకాయ పక్కన ఎలుక డబ్బా పెడితే మీ ఇంట్లో జరిగే గొడవకి నేను బాధ్యుణ్ని కాను, వీలైతే చిన్న ఫ్రిజ్ ఒకటి విడిగా కొనండి. మర్నాడు రాత్రి జిప్ కవర్లో వేసి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచండి. లోపల గడ్డ మిగలకూడదు, పొట్ట నొక్కి చూస్తే మెత్తగా ఉండాలి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పగులుతుంది. ఇచ్చే ముందు తల భాగాన్ని ఇంకోసారి వేడి నీళ్లలో ముంచి తుడవండి. బాల్ పైథాన్‌కి పెదవుల మీద వరసగా ఉండే గుంటలు వేడిని పసిగడతాయి. దానికి చీకట్లో కనపడేది ఎలుక రూపం కన్నా ఎలుక వేడి. ఒంటి మీద 38 డిగ్రీల దాకా ఉంటే బతికున్నదానిలా తోస్తుంది.

గదిలో లైటు తీసేసి, రాత్రి తొమ్మిదీ పదీ మధ్య, పొడుగు పటకారుతో ఎలుకని నడుము దగ్గర పట్టుకుని గూటి గుమ్మం ముందు మెల్లగా కదపండి. మొహం మీదికి పొడవకండి, బెదిరిపోతుంది. నాలుక గబగబా ఆడించి, తల మెల్లగా దానివైపు తిప్పితే ఆకలి ఉన్నట్టు. కొట్టి చుట్టేసుకుంటే అక్కడే ఊపిరి బిగబట్టి నిలబడండి, ఫోన్ ఫ్లాష్ వెయ్యకండి. వీడియో కోసం లైటు వేస్తే వదిలేసి పోయిన పాములు కోకొల్లలు. కొట్టకపోతే ఎలుకని గుమ్మం ముందు వదిలి తలుపు వేసుకుని వెళ్లిపోండి. మన వేడికి రెండు మూడు గంటలు మించి ఉంచొద్దు, తీసి పారెయ్యండి. మళ్లీ ఫ్రీజర్లో పెట్టకండి. కరెంటు పోయి ఫ్రీజర్లో కరిగిపోయినవీ అంతే.

తినలేదనుకోండి, మర్నాడే మళ్లీ పెట్టకండి. అయిదు నుంచి ఏడు రోజులు ఆగండి. రోజూ ఎలుకని చూపించడం కూడా ఒక రకం వేధింపే. రెండోసారికి చిట్టెలుక బదులు ఎలుక పిల్లని మార్చి చూడండి. మూడోసారికి గాలి కన్నాలున్న చిన్న డబ్బాలో పాముని, వెచ్చటి ఎలుకని కలిపి పెట్టి, ఆ డబ్బాని పెట్టెలోనే వెచ్చటి వైపు రెండు మూడు గంటలు వదిలెయ్యండి. ఇరుకులో చాలా పిల్లలు తింటాయి. నోరు తెరిచి బలవంతాన కూరడం మాత్రం మీరు చెయ్యకండి. చేతకాని చేతుల్లో దవడ విరుగుతుంది, పైగా ఇక ఎలుక వాసనకే భయపడటం మొదలవుతుంది.

ఎప్పుడు కంగారు పడాలి? తూకం చెప్తుంది. వంటింటి డిజిటల్ తూకం మీద మూత ఉన్న డబ్బా పెట్టి సున్నా చేసి, వారానికోసారి తూచి తేదీతో రాసుకోండి. ఈ వదిలేసే వారం అయ్యాక మొదటి తూకం వెయ్యండి. 70 గ్రాములది 63కి దిగిందంటే పదో వంతు తగ్గినట్టు, అప్పుడు డాక్టరు దగ్గరికే. నా దగ్గరున్న పెద్ద ఆడపాము చలికాలంలో నెలల తరబడి తినకపోయినా నేను పట్టించుకోను, దాని ఒంట్లో నిల్వ ఉంది. మీ పిల్లకి ఆ నిల్వ లేదు.

తిన్న తర్వాత 48 గంటలు ముట్టకండి. అరిగేలోపు ఒళ్లు నలిగితే కక్కేస్తుంది. ఒకవేళ కక్కితే పది, పదిహేను రోజులు ఏమీ పెట్టకుండా ఆగి, ఆ తర్వాత మామూలు కన్నా సగం సైజుది ఇవ్వండి. కడుపులో ఆమ్లం మళ్లీ ఊరడానికి ఆ సమయం కావాలి. వరసగా రెండోసారి కక్కితే డాక్టరుకి చూపించాలి.

వరసగా మూడుసార్లు తిన్నాక చేతిలోకి తీసుకోవడం మొదలుపెట్టండి. ఇదే మీకు అన్నిటికన్నా ఆలస్యంగా రావలసిన భాగం, మీరు దీనితోనే మొదలుపెట్టారు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎలుక వాసనే కాదు, కోడి కూర తిన్న చెయ్యి కూడా దానికి తిండిలాగే తోస్తుంది. పై నుంచి చెయ్యి దించకండి, గద్ద వచ్చేది అలాగే. కాగితం చుట్టతో ముందు ఒంటి మధ్య మెల్లగా తాకండి, 'ఇది తిండి వేళ కాదు' అని చెప్పినట్టు. తర్వాత పక్క నుంచి, నడుము కింద చెయ్యి పోనిచ్చి, ఆగకుండా, తటపటాయించకుండా ఎత్తండి. ముందుకీ వెనక్కీ ఊగే చెయ్యే ఎక్కువ కాట్లు తింటుంది. తల పట్టుకోకండి. రెండు చేతుల మీద ఒళ్లంతా ఆనేలా, నేల మీద కూర్చుని, ఒడికి పైన ఉంచండి. మొదట్లో అయిదు నిమిషాలు, వారానికి రెండుసార్లు. ఉండలా చుట్టుకుని తల లోపల దాచేస్తే విప్పకండి, దాని పేరుకి కారణమే ఆ అలవాటు. కదలకుండా కూర్చుంటే కాసేపటికి అదే విప్పుకుంటుంది. వేలు చుట్టుకుని వదలకపోతే తోక వైపు నుంచి విప్పండి.

ఆ మెడ వంకీ తిప్పడం, బుసకొట్టడం కోపం కాదు, భయం. 70 గ్రాముల ప్రాణికి మీరు కొండంత. అది కొట్టినా గీరుకున్నంత రక్తం వస్తుంది, విషం లేదు. సబ్బూ నీళ్లతో కడుక్కోండి. పట్టి వదలకపోతే గుంజకండి, సన్నటి పళ్లు విరిగి చర్మంలో ఉండిపోతాయి, దాని నోరూ పాడవుతుంది. నోటి దగ్గర కాస్త చన్నీళ్లు పొయ్యండి, వదులుతుంది. పట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకి అందుకే ఇవ్వొద్దంటాను. మెడలో వేసుకుని ఫొటోలు కూడా వద్దు.

ఇంకో సంగతి మీరు అడగలేదు, కానీ బెజవాడ కాబట్టి చెప్పాలి: దోమలు. పాము ఉన్న గదిలో దోమల స్ప్రే కొట్టకండి, కాయిల్, లిక్విడ్ మెషిన్ వద్దు. సాంబ్రాణి పొగ కూడా దాని ఊపిరితిత్తులకి పడదు. కిటికీలకి మెష్ వేయించుకోండి. చీమల కోసం పెట్టె చుట్టూ మందు చాక్‌పీసు గీయకండి, అదీ పురుగుమందే. పెట్టెని స్టాండు మీద పెట్టి, పాత రోజుల్లో కూరల బీరువాకి పెట్టినట్టు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి.

నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా, ఊపిరిలో గురక ఉన్నా, చిగుళ్లు వాచినా, తల వెనక్కి విరిచి పైకే చూస్తున్నా, నీళ్ల గిన్నెలో గసగసాల్లాంటి నల్ల చుక్కలు తేలుతున్నా ఈ వారం రోజుల గడువు మర్చిపోయి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చివరివి పాము మీద బతికే పురుగులు. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే. పాముని చూస్తారా అని ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. గుడ్డ సంచిలో వేసి, ఆ సంచిని కన్నాలున్న డబ్బాలో పెట్టి, ఉదయం చల్లటి వేళ తీసుకెళ్లండి, ఆగి ఉన్న కారులో మాత్రం ఒక్క నిమిషం కూడా వదలకండి.

ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి. ప్రోబ్ థర్మామీటర్ దొరికితే వెచ్చటి వైపు, చల్లటి వైపు తెల్లవారుజామున ఎంతెంత ఉందో చూసి ఇక్కడ రాయండి. మీరు కొనే హీట్ మ్యాట్ ఎన్ని వాట్లదో, పెట్టె పొడవెంతో కూడా రాస్తే థర్మోస్టాట్ ఎంతలో పెట్టాలో చెప్తాను.